పూత లేని మొక్కను కొనండి

2022లో మన చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. ఎండ మాత్రం ఎక్కడికీ మారలేదు. చలిదేశాల వాళ్లు మంచు కురిసే నెలల్లో కంటికి కాస్త పచ్చదనం ఆనాలని ఆకు రాలని మొక్కలు పెంచుకుంటారు. మనకు ఆ బాధ లేదు. మన పెరడు బోసిపోయేది పూత అయిపోయాక, నీళ్లు చాలని రోజుల్లో.

దీనికి సగం కారణం మనమే. నర్సరీకి వెళ్లిన రోజున ఏది విరగబూసి ఉంటే అదే కొంటాం. అన్నీ ఒకేసారి పూసి, ఒకేసారి సెలవు పెడతాయి.

విరుగుడు రెండు వరసలు. వెనక, గోడ వారన ఏడాదంతా ఆకు నిలిచేవి: నందివర్ధనం, నూరువరహాలు, గన్నేరు. గన్నేరు ఎండకు జంకదు గానీ ఆకు నుంచి గింజ దాకా విషం. వినాయక చవితి పత్రిలో దానికి చోటుంది. పశువుల మేతలో లేదు. నూరువరహాల లేతాకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రమే పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని లెక్క. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు, సున్నం పారబోసిన చోట నాటితే సాధారణంగా జరిగేది ఇదే.

ముందు వరసలో కాలానికొకటి. వేసవికి మల్లె. చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తేనే మార్చి నుంచి బాగా పూస్తుంది. ఆ పని జాలిపడి మానేస్తే ఆకులే మిగులుతాయి. వానలు వెనకబట్టేసరికి పారిజాతం. రాత్రి విచ్చి తెల్లారేసరికి తనే రాలుతుంది, కోసే శ్రమ కూడా లేదు. చలికాలానికి డిసెంబరం పూలు.

ఎండ మండే మూలకు కాగితం పూల మొక్క. అందులో రంగు పువ్వుది కాదు, దాని చుట్టూ ఉన్న ఆకులది. అసలు పువ్వు మధ్యలో సన్నగా, తెల్లగా ఉంటుంది. అందుకే ఆ రంగు వారాల తరబడి నిలుస్తుంది. ప్రేమకొద్దీ రోజూ నీళ్లు పోస్తే ఆకులు తప్ప మరేమీ ఇవ్వదు.

నాటడానికి తొలకరి మంచి అదను. ఈసారి నర్సరీకి వెళ్లినప్పుడు, పెరట్లో ఏ నెల ఖాళీగా ఉందో ముందు చూసుకుని, ఆ నెలలో పూసేదాన్ని అడగండి. కొనే రోజున దానికి ఒక్క పువ్వూ లేకపోయినా సరే.