పెరటి గోడకూ మరవ కావాలి

బుక్కపట్నం చెరువు తొలి విజయనగర రాజుల నాటిది, చిత్రావతి నది నీటిని పట్టి నిలిపేది. అలాంటి మట్టికట్టలు వందల ఏళ్లు నిలిచాయంటే వాటి లావు ఒక్కటే కారణం కాదు. నిండాక మిగులు నీరు పోయేందుకు మరవ ఉంది. గుట్ట వాలులో ఇల్లు కట్టుకుని, పెరడును రెండు మూడు అంతస్తులుగా చదునుచేసి, అడ్డుగోడలు లేపి పేవర్లు పరవాలనుకునేవాళ్లు ఈ మరవ సంగతే మరిచిపోతారు. డబ్బంతా కంటికి కనబడే రాతికే పోస్తారు. గోడను పడదోసేది చాలాసార్లు మట్టి కాదు, మట్టిలో నిలిచిన నీరు. అందుకే ముందు ఖర్చు గోడ వెనక పెట్టాలంటాను.

మట్టి నెట్టే బలం లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది. గోడ ఎత్తు రెట్టింపైతే మొత్తం తోపుడు నాలుగింతలవుతుంది. 4 అడుగుల గోడ ఒకటి కట్టే బదులు 2 అడుగులవి రెండు కడితే ఒక్కోదాని మీద నాలుగో వంతే పడుతుంది, రెండూ కలిపినా సగమే. అంతస్తులు అందానికి మాత్రమే కాదన్నమాట. అయితే రెండు గోడలనూ దగ్గర దగ్గరగా కడితే ఈ లెక్క చెల్లదు, పైదాని బరువు కిందిదాని నెత్తిన పడుతుంది. మధ్యలో కింది గోడ ఎత్తుకు రెండింతలైనా, అంటే 4 అడుగులు వదలాలి. స్థలం వృథా అని గొణగక్కర్లేదు, నులకమంచం వేసుకోవడానికీ మల్లెపాదుకూ ఆ చోటే. ఇక వెనక మట్టి నీటితో నిండిందా, అదే గోడ మీద తోపుడు రెట్టింపు దాటిపోతుంది.

బుక్కపట్నం ఉన్న ఈ కరువు సీమలో నీటి భయమేమిటని అడగవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే నేల ఇది, నిజమే. కానీ ఆ వాన వాయిదాల్లో రాదు. 2021 నవంబరులో ఇదే చిత్రావతి వరదలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టర్‌తో పైకి తీయాల్సి వచ్చింది. గోడకు సగటు వానతో పనిలేదు, ఆ ఒక్క రాత్రి వానతోనే పని. సిమెంటు దట్టించి గట్టిగా కడితే సరిపోదా అంటే, ఆ గట్టిదనమే నీటిని వెనక నిలవబెడుతుంది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడాన్ని చేర్చింది. పెరటి గోడకు ఇది తిరగబడుతుంది, నీరు బయటికి రాకపోవడమే దోషం.

కాబట్టి గోడ వెనక అడుగు మందాన కంకర, దాని అడుగున చిల్లుల పైపు, కంకరలోకి మట్టి దూరకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి. రాతిగోడను సిమెంటు లేకుండా పేర్చేటట్టయితే అడుగుకు అంగుళం చొప్పున మట్టి వైపు వాల్చాలి. పేవర్ల కింద దిమ్మిసతో కొట్టిన 4 అంగుళాల కంకర, పైన అంగుళం ఇసుక ఉండాలి. మనుషులు నడవడానికే అయితే 60 మిల్లీమీటర్ల మందం పేవర్లు చాలు. ఇసుక సందుల్లోంచి దిగిన నీరు గోడ వెనకకే చేరుతుందనే అభ్యంతరం న్యాయమైనదే. కనుకనే 50 అడుగులకు అడుగు వాలు పెట్టి, ఎక్కువ నీటిని పైపైనే పక్క కాలువకు మళ్లించాలి, దిగినదాన్ని పైపు మోస్తుంది. ఆ పైపు మూతి పక్కింటివైపు కాకుండా, గోడలకు దూరంగా తవ్విన ఇంకుడు గుంతలోకి తెరుచుకోవాలి. గోడ 4 అడుగులు దాటినా, పైన కారు నిలపాలనుకున్నా మేస్త్రీ అంచనా చాలదు, ఇంజినీరు లెక్క కట్టాల్సిందే.