ఎఫ్‌పీఓలో మీరు కట్టిన వెయ్యి ఇప్పుడెంత?

వీడియోలో చూపించిన బ్యాలెన్స్ షీట్‌లో ఈక్విటీ అంటే ఏంటని చాలామంది అడిగారు. ఆస్తుల్లోంచి అప్పులన్నీ తీసేస్తే మిగిలేది, అంటే వాటాదారుల సొమ్ము. కంపెనీల చట్టం 2013 నమూనాలో ఇది పైనే ఉంటుంది.

500 మంది తలా 1,000 కట్టారనుకోండి. వాటా మూలధనం 5 లక్షలు. దాని కిందే 'రిజర్వులు, మిగులు' అనే లైను. అసలు చూడాల్సింది అదే. అక్కడ మైనస్ 3 లక్షలుంటే ఈక్విటీ 2 లక్షలే. మీ వెయ్యి పుస్తకాల ప్రకారం 400 అయినట్టు. పైన 5 లక్షలు మాత్రం అలాగే కనిపిస్తుంది, మనం చప్పట్లు కొట్టేస్తాం!

ఆ 2 లక్షలు కూడా బ్యాంకులో ఉన్నాయనుకోకండి. గోదాములో కందులు, ఘనజీవామృతం బస్తాలు, వ్యాపారులు ఇవ్వాల్సిన బాకీల రూపంలో ఉండొచ్చు. ఆ బాకీలు మునిగితే ఈక్విటీ ఇంకా కరుగుతుంది. అందుకే సర్వసభ్య సమావేశంలో లాభం ఒక్కటే కాదు, రావాల్సిన బాకీలెంత, ఎన్నాళ్లవి అని కూడా అడగండి.