మూత్రపిండమునకు కావలివారు

ఉత్తరాంధ్రమున కిడ్నీ జబ్బు అనగానే జనుల తలపు ఉద్దానము మీదికి పోవును. నొప్పి గాని మంట గాని తెలియనీయకయే ఏండ్ల తరబడి మూత్రపిండములను క్షీణింపజేయు ఆ దీర్ఘవ్యాధి సోంపేట, కవిటి, పలాస ప్రాంతములలో ఎన్ని కుటుంబములను కుంగదీసినదో, దాని మూలకారణమును వెదకుటలో శాస్త్రజ్ఞులు ఇంకను ఎట్లు సతమతమగుచున్నారో పత్రికాపాఠకులెల్లరు ఎఱుగుదురు. కాని చీపురుపల్లి, గరివిడి వంటి ఊళ్లలో చలిజ్వరముతో, నడుము ప్రక్క పోటుతో, మూత్రపు మంటతో వైద్యుని యెదుటికి వచ్చు రోగి బాధ వేఱు. అది సూక్ష్మజీవుల దండయాత్ర; సకాలమున మందు పడినచో సాధారణముగా పూర్తిగా నయమగునది.

ఈ దండయాత్ర పెక్కుమార్లు ఇ.కోలై అను బాక్టీరియా వలన కలుగును. 1885లో ఎషెరిక్ అను శిశువైద్యుడు దీనిని లోకమునకు ఎఱుకపఱచెను. మన ప్రేగులలో నిరపాయముగా బ్రతుకు ఈ జాతిలోనే కొన్ని తెగలు, తమ సన్నని తంతువులతో మూత్రమార్గపు గోడలను పట్టుకొని, మూత్రాశయమునుండి మూత్రపిండము వఱకు ఎగబ్రాకగలవు. స్త్రీలకు మూత్రనాళము పొట్టిదగుటచేత ఈ బాధ వారికే అధికము. 

శరీరమునకు గల మొదటి రక్షణ మూత్రప్రవాహమే. నిలదొక్కుకొనకమునుపే శత్రువును అది వెలికి కడిగివేయును. ఆ ప్రవాహములోనికి మూత్రపిండమే యూరోమాడ్యులిన్ అను మాంసకృత్తును స్రవింపజేయును. 1950లో టామ్, హార్స్‌ఫాల్ అను శాస్త్రజ్ఞులు వేఱుపఱచిన ఈ పదార్థము గాలమునకు గ్రుచ్చిన ఎర వంటిది: గోడను పట్టవలసిన బాక్టీరియా దీనిని పట్టుకొని, దీనితోడనే కొట్టుకొనిపోవును. దానిని దాటి మూత్రాశయపు గోడను చేరిన వానిని, అచ్చటి కణములు తామే ఊడిపడి, తమతో వెలికి కొనిపోవును. ఇంకను పైకి ప్రాకినచో, మూత్రపిండ నాళికలలోని కొన్ని కణములు మూత్రమును ఆమ్లీకరించుటయే గాక, సూక్ష్మజీవిసంహారకములైన మాంసకృత్తులను గూడ విడుదల చేయును.

ఇన్ని అడ్డంకులు దాటిన శత్రువును కణములపైనున్న గ్రాహకములు గుర్తించి, రసాయన సందేశములను పంపగా, రక్తమునుండి తెల్లకణములు తరలివచ్చి బాక్టీరియాను మ్రింగివేయును. ఈ భక్షణక్రియను 1882లో నక్షత్రమత్స్యపు డింభకములయందు గమనించిన మెచ్నికాఫ్ 1908లో నోబెల్ బహుమానమును పొందెను. రోగిని వణికించు జ్వరము ఆ సందేశముల ఫలితమే. మూత్రపరీక్ష కాగితముపై పస్ సెల్స్ అని వ్రాయబడునవి ఆ తెల్లకణములే. మూత్రపిండపు లోపలిభాగమున సాంద్రమైయుండు ఉప్పు సైతము రక్షకకణములను అచ్చటికి రప్పించుటకు తోడ్పడునని 2017లో వెలువడిన పరిశోధన తెలిపినది.

అయితే ఈ రక్షణకు మితము తప్పినచో ముప్పు గలదు. తెల్లకణములు వెదజల్లు విషములు శత్రువుతోపాటు మూత్రపిండపు కండను గూడ కాల్చి, విశేషించి పసిపిల్లలలో, మాయని మచ్చలను మిగుల్చును. కావున జ్వరము తనంతట తగ్గునని వేచియుండుట తగదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వము వహించిన పరిశోధనశాలనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ వంటి యాంటీబయాటిక్కుల తోడు మనకు లభించినది. అవి శత్రుబలమును అణచగా, మిగిలిన పని తెల్లకణములు పూర్తి చేయును. మధుమేహము, గర్భము, మూత్రపు రాళ్లు గలవారి విషయమున జాగ్రత్త మఱింత అవసరము.

ఇన్ని రక్షణలలోను మన చేతిలోనున్నది మొదటిదైన ప్రవాహమొక్కటే. కొలుముల వేడిలో గాని, ఎండ కాయు పొలములో గాని చెమటోడ్చువారికి నీరు చాలక ఆ ప్రవాహము సన్నగిల్లును. మఱుగు లేని చోట పనిచేయు స్త్రీలు, వెలికి పోవలసి వచ్చునను జంకుచే, దాహమును మూత్రమును రెండింటిని బిగబట్టుదురు. పనిచోట నీటికుండయు మరుగుదొడ్డియు కల్పించుట దయాధర్మమని తలచు యజమానులు, అది వైద్యములో తొలిమెట్టని గ్రహింపవలెను.