వేడికి కవచం

అనంతపురం నుండి గుత్తి వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై గార్లదిన్నె ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మెట్టసీమ ఇది. ఈ మండలంలోని పెనకచర్ల వద్ద పెన్నానదిపై మధ్య పెన్నా జలాశయం ఉన్నప్పటికీ, చుట్టుపక్కల సేద్యంలో అధికభాగం వానమబ్బు కోసం ఎదురుచూచేదే. ఇటువంటి చోట మోటారుసైకిలు విలాసవస్తువు కాదు. పొలానికి విత్తనాలు మోసేది, పాలక్యాన్లు తరలించేది, పిల్లలను కళాశాలకు చేర్చేది అదే. వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటే ఈ నేలమీద, ఆ వాహనంలో పుట్టే వేడి ఎటు పోతున్నది, దానిని అదుపులో ఉంచడం ఎట్లా అనే ప్రశ్న ప్రతి కుటుంబానికీ సంబంధించినదే.

ఇంజనులో మండిన పెట్రోలు విడుదల చేసే శక్తిలో సుమారు నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు మాత్రమే బండిని నడపడానికి ఉపయోగపడుతుంది. దాదాపు మరో మూడోవంతు పొగతోపాటు వెలుపలికి పోతుంది. మిగిలినదంతా ఇంజను పైనున్న రెక్కల ద్వారానూ, ఇతర మార్గాలలోనూ గాలిలో కలుస్తుంది. బరువుతో ఎత్తు ఎక్కే సమయంలో సిలిండరు నుండి వెలువడే వాయువుల ఉష్ణోగ్రత 600 నుండి 800 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండవచ్చు. ఆ వాయువులను మొట్టమొదట అందుకునేది ఇంజను నుండి వంపు తిరిగి కిందికి దిగే గొట్టం. దీనినే మెకానిక్కులు 'బెండుపైపు' అంటారు. దాని వెనుక సైలెన్సరు ఉంటుంది. తళతళలాడే కొత్త గొట్టం మీద కొన్నాళ్ళకు పసుపు, నీలి వన్నెలు కనిపించడం అందరూ ఎరిగినదే. అవి ఎవరో పూసిన రంగులు కావు. లోహపు ఉపరితలం వేడికి ప్రాణవాయువుతో కలిసినప్పుడు ఏర్పడే అతి పలుచని పొర చూపే వన్నెలు.

ఈ గొట్టం నుండి వేడి మూడు విధాలుగా బయటపడుతుంది. తాకిన వస్తువులోనికి ప్రవేశించడం ఉష్ణవహనం. పక్కనుండి వీచే గాలితో కలిసిపోవడం ఉష్ణసంవహనం. ఏ ఆధారమూ లేకుండా కిరణాల రూపంలో నలుదెసలా ప్రసరించడం ఉష్ణవికిరణం. ఈ మూడవది పరమ ఉష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతున్నది. అంటే, 27 డిగ్రీల వద్ద ఉన్న గొట్టం 327 డిగ్రీలకు వేడెక్కితే, దాని పరమ ఉష్ణోగ్రత 300 నుండి 600 కెల్విన్లకు రెట్టింపవుతుంది గాని, అది వెలువరించే వికిరణం మాత్రం 16 రెట్లవుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు గాలి వీచదు కనుక, కాలికి సెగ మరింతగా తగులుతుంది.

ఈ వేడి వలన ప్రమాదాలు రెండు. మొదటిది కాలిన గాయం. 70 డిగ్రీల వేడిగల లోహాన్ని ఒక్క క్షణం తాకినా చర్మం కాలుతుంది. అధికభాగం మోటారుసైకిళ్ళకు సైలెన్సరు కుడివైపున ఉంటుంది. ఆ వైపు నుండి తొందరగా దిగే పిల్లల పిక్కలకు మచ్చలు పడటం పల్లెల్లో తరచుగా కనిపిస్తుంది. అట్టి గాయాన్ని వెంటనే 20 నిమిషాలపాటు ధారగా పడే చల్లని నీటి కింద ఉంచాలి. సిరా, పసుపు, పళ్ళపేస్టు వంటివి పూయరాదు. రెండవ ప్రమాదం అగ్ని. వేరుశనగ కట్టె వాముల పక్కన, ఎండుగడ్డి మీద బండిని నిలిపితే, ఇంకా చల్లారని గొట్టం గడ్డిని అంటించగలదు. ఏడాది కష్టపడి కూడబెట్టిన పశుగ్రాసం గడియలో బూడిద కావడానికి ఆ ఒక్క ఏమరుపాటు చాలు.

వేడి గొట్టానికి ఏదైనా చుట్టి సెగను ఆపాలన్న ఆలోచన కొత్తది కాదు. ఆవిరియంత్రాల కాలంలో బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు రాతినార పొరలు చుట్టేవారు. నిప్పుకు కాలని ఈ ఖనిజం అనంతపురానికి పొరుగున ఉన్న కడప జిల్లాలో, పులివెందుల ప్రాంతంలోనే లభిస్తుంది. అయితే దాని సన్నని పోగులు శ్వాసతోపాటు లోనికి పోయి, ఏళ్ళు గడిచాక ఊపిరితిత్తుల వ్యాధులకు, క్యాన్సరుకు దారితీస్తాయని తేలింది. అందుచేత దాని స్థానంలో గాజునారతోను, నల్లని బసాల్టు రాతిని కరిగించి తీసిన పోగులతోను నేసిన పట్టీలు వచ్చాయి. మోటారుసైకిలు గొట్టానికి నేడు చుట్టేవి ఇవే. పట్టీని ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేటట్లు బిగువుగా చుట్టి, చివరలను స్టీలు క్లిప్పులతో బిగిస్తారు. గాజునార చర్మానికి దురద కలిగిస్తుంది కనుక చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

పట్టీ చుట్టినంత మాత్రాన వేడి మాయమవుతుందా? గొర్రెల కాపరి భుజాన వేసుకునే గొంగళిని చూస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. గొంగళి వేడిని పుట్టించదు, చంపదు. ఉన్న వేడిని దాటిపోనీయదు. చలిలో అది మేలు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నవానిపై కప్పితే అదే కీడు. పట్టీ చుట్టిన గొట్టం సంగతీ ఇంతే. వెలుపల సెగ తగ్గి రౌతు కాలికి సుఖం కలుగుతుంది. లోపలి వాయువులు వేడి తగ్గక వేగంగా సాగిపోతాయి. పందెపు బండ్లలో దీనిని కోరుకునేది ఈ కారణం చేతనే. కాని గొట్టపు లోహం మాత్రం మునుపటికంటే ఎక్కువగా కాగుతుంది. సాధారణ ఉక్కు 500 డిగ్రీలు దాటితే బలం కోల్పోతూ, పెచ్చులుగా తుప్పుపడుతుంది. వాననీరు, బురద పట్టీలో ఇంకి నిలిస్తే గొట్టం కంటికి కనపడకుండానే తినివేయబడుతుంది. పట్టీ విప్పిన నాడే ఆ నష్టం బయటపడుతుంది.

మరొక పద్ధతి పూత. జిర్కోనియా అనే పదార్థం సుమారు 2700 డిగ్రీల వరకు కరగదు. ఉక్కుతో పోల్చితే వేడిని ఎంతో తక్కువగా ప్రసరింపజేస్తుంది. దీనికి మూలమైన జిర్కాన్ ఖనిజం భీమునిపట్నం వంటి మన సాగరతీరపు ఇసుకలలో ఉంది. జిర్కోనియా పొడిని అత్యధిక ఉష్ణోగ్రతగల ప్లాస్మా జ్వాలలో కరిగించి లోహంపై చిమ్మడం విమాన ఇంజన్ల తయారీలో స్థిరపడిన విధానం. హైదరాబాదు శివారు బాలాపూరులో 1997లో ఏర్పడిన ఏ.ఆర్.సి.ఐ. అనే పరిశోధన సంస్థ ఇటువంటి ఉపరితల పూతలపై కృషి చేస్తున్నది. మోటారుసైకిలు గొట్టాలకు సాధారణంగా వాడేది ఇంతకంటే తేలికైన పింగాణి జాతి పూత. గొట్టాన్ని శుభ్రపరచి, పూత చిమ్మి, కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. ఇది నీటిని పట్టి ఉంచదు. లోపలి వైపు కూడా పూస్తే లోహానికే వేడి తక్కువగా అందుతుంది. పట్టీకంటే ఖర్చు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. దుకాణాలలో దొరికే వెండిరంగు వేడినిరోధక పెయింటు ప్రధానంగా తుప్పును ఆపుతుందే గాని సెగను ఆపదు.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో తయారైన బండ్లు బీఎస్-6 ప్రమాణాలను పాటిస్తున్నాయి. వీటి పొగగొట్టంలో విషవాయువులను శుద్ధిచేసే ఉత్ప్రేరక పరికరం ఉంటుంది. సుమారు 250 నుండి 300 డిగ్రీల వేడి అందిన తరువాతనే అది చక్కగా పనిచేస్తుంది. అంటే ఇక్కడ వేడి శత్రువు మాత్రమే కాదు, కొంతవరకు సేవకుడు కూడా. తయారీదారులు అన్నీ లెక్కించి అమర్చిన వ్యవస్థను తోచినట్లు మార్చడం మంచిది కాదు. పొలానికీ బడికీ తిరిగే చిన్న బండికి అన్నిటికంటే ఉత్తమమైన రక్షణ, సైలెన్సరుపై కొంత ఎడంగా బిగించిన రేకు కవచమే. ఆ సందులోని గాలియే సెగను అడ్డుకుంటుంది. అది ఊడిపోయినా, విరిగినా వెంటనే మార్పించాలి. పిల్లలను ఎడమవైపు నుండి దింపాలి. ఎండుగడ్డికి దూరంగా బండిని నిలపాలి.

వేడిని నశింపజేయడం ఎవరికీ సాధ్యం కాదు. దాని దారిని మళ్ళించడమే మానవుడు చేయగలిగినది. ఒకచోట అడ్డుకున్న వేడి మరొకచోట తేలుతుంది. కనుక గొట్టానికి పట్టీ చుట్టేముందు, పూత పూయించేముందు, 'ఈ వేడి ఇక ఎటు పోతుంది?' అని ప్రశ్నించుకోవడం వివేకవంతుని లక్షణం.