వెన్న తీశాక మిగిలేది

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పొద్దున్నే పాల కేంద్రానికి వెళ్తే, క్యాను దించగానే జరిగే పరీక్ష వెన్నది. కాసిని పాలు తీసి యంత్రంలో పెడతారు, అంకె వస్తుంది, ఆ అంకెను బట్టి డబ్బు. ఏడు శాతం దాటితే పాలు పోసిన ఇల్లాలు నవ్వుకుంటూ వెళ్తుంది. ఆరుకు దిగితే గేదెకు తిట్లు. వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలనూ లెక్క కడతారు గానీ, రచ్చబండ దగ్గర మాట్లాడుకునేది మాత్రం వెన్న శాతమే. ఆ శాతం కోసమే పత్తి పండే ఈ నేలలో పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి గేదెలకు పెడతారు. పత్తి గింజలో గాసిపోల్ అనే విషపదార్థం ఉంటుంది. మనుషులకూ కోళ్లకూ అది చెరుపు. ఎదిగిన గేదెకు మితంగా పెడితే దాని మొదటి పొట్టలోనే చాలావరకు విరుగుడవుతుంది. పత్తి చేనుకూ పాల క్యానుకూ ఉన్న చుట్టరికం అది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆడి, పరుగెత్తి, బరువులెత్తి అలిసిన ఒంటికి పాలు పనికొస్తాయా? తాలింఖానా పహిల్వాన్లను అడిగితే బాదంపాల గురించి గంటసేపు చెబుతారు. ప్రయోగశాలలు ఈ ప్రశ్న పట్టుకుని సుమారు రెండు దశాబ్దాలు అవుతోంది. వాటి జవాబు కూడా ‘పనికొస్తాయి’ అనే. కాకపోతే పాల కేంద్రం దేనికి డబ్బిస్తుందో, అలిసిన ఒంటికి దానితో పెద్దగా పని లేదని కూడా ఆ ప్రయోగాలే తేల్చాయి.

ముందు అలసట సంగతి చూద్దాం. కండరం పనిచేయడానికి మొదట ఖర్చుచేసే నిల్వల్లో ఒకటి ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన ఆయన పేరు మందుల చరిత్రలో తరచూ వినిపిస్తుంది. కండరాల చరిత్రలో అంతగా వినిపించదు, వినిపించాలి. ఈ ఫాస్ఫోక్రియాటిన్ క్షణాల్లో ఖర్చయిపోతుంది, కాసేపు కూర్చుంటే కొద్ది నిమిషాల్లోనే చాలావరకు తిరిగి నిండుతుంది. దానికి పాలూ అక్కర్లేదు, మరేదీ అక్కర్లేదు. కండరంలో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, అలా కాదు. గంటల తరబడి శ్రమిస్తే అది అడుగంటుతుంది, మళ్లీ నిండటానికి బాగా తిన్నా ఒక రోజు దాకా పడుతుంది. ఇక చెమటగా పోయిన నీరు, ఉప్పు సరేసరి. బరువులెత్తినప్పుడు కండరపు పోగుల్లో పడే చిన్న చిన్న దెబ్బలు బాగుపడాలంటే మాంసకృత్తులు కావాలి.

పాలు మనల్ని ఆశ్చర్యపరిచేది నీటి విషయంలోనే. 2007లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పదకొండు మంది చేత వేడిలో కసరత్తు చేయించి, ఒంటి బరువులో రెండు శాతానికి కాస్త తక్కువగా చెమట పట్టించారు. తర్వాత పోయినదానికి ఒకటిన్నర రెట్లు తాగించారు. ఒకసారి నీళ్లు, ఒకసారి ఆటగాళ్ల కోసం అమ్మే పానీయం, ఒకసారి వెన్న తగ్గించిన పాలు. నాలుగు గంటలు గడిచేసరికి మొదటి రెండూ తాగినప్పుడు తాగిన దాంట్లో చాలా భాగం మూత్రంగా పోయి ఒంట్లో నీటికి మళ్లీ లోటు వచ్చింది. పాలు తాగినప్పుడు లోటు లేదు. 2016లో, ఈసారి కసరత్తు లేకుండా, ఇలాంటి పరీక్షనే పెద్ద ఎత్తున చేశారు. 72 మంది మగవాళ్లు, పదమూడు రకాల పానీయాలు, ఒక్కో పానీయం లీటరు చొప్పున. మంచినీళ్లు తాగినప్పుడు నాలుగు గంటల్లో మూత్రం 1,337 గ్రాములు వచ్చింది. వెన్న తీసిన పాలకు 1,049, వెన్నతో ఉన్న పాలకు 1,052, విరేచనాలకు వాడే ఓఆర్ఎస్ ద్రావణానికి 1,038. అంటే నీటిని ఒంట్లో నిలపడంలో పాలు ఓఆర్ఎస్ పక్కన నిలబడ్డాయి. ఆటగాళ్ల పానీయం, కోలా, కాఫీ, టీ అన్నీ మంచినీళ్లతో సమానంగానే తేలాయి. టీ తాగితే ఒంట్లో నీళ్లు లాగేస్తుందని భయపడేవాళ్లు ఇక ధైర్యంగా ఒక కప్పు తాగవచ్చు.

దీని వెనక మర్మం పొట్టలో ఉంది. గుక్క తిప్పుకోకుండా మంచినీళ్లు తాగితే అవి గబగబా రక్తంలోకి చేరి దాన్ని పలచన చేస్తాయి. మెదడు దాన్ని గమనించి, నీటిని పట్టి ఉంచే హార్మోనును తగ్గిస్తుంది. మూత్రపిండాలు మిగులు నీటిని బయటికి పంపేస్తాయి. పాలు అలా కాదు. పొట్టలోని ఆమ్లం తగలగానే వాటిలోని కేసీన్ గడ్డకడుతుంది. ఆ గడ్డ మెల్లగా కరుగుతూ కొద్దికొద్దిగా పేగులోకి దిగుతుంది. రక్తం ఒక్కసారిగా పలచన కాదు. దానికి తోడు లీటరు పాలలో సోడియం 400 నుంచి 500 మిల్లీగ్రాములు, పొటాషియం గ్రామున్నర దాకా ఉంటాయి. పోయిన నీటిని నిలబెట్టడంలో ఇవి రెండూ సాయపడతాయి. ఈ కథలో వెన్న పాత్ర చాలా చిన్నది. ఆ 1,049నీ 1,052నీ పక్కపక్కన పెట్టి చూడండి.

కండరం సంగతికి వద్దాం. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. బ్రిటిష్ వాళ్లు ఎరుకల వాళ్లకు ‘నేరస్థ జాతి’ అని ముద్ర వేసి కట్టడి చేసిన ఊరి నుంచి వచ్చిన పతకం అది. ఆయన ఏం తాగాడన్నది కాదు ఇక్కడ విషయం. అంత బరువున్న మనిషికి లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. కసరత్తు తర్వాత ఒంటి బరువులో కిలోకు 0.3 గ్రాముల చొప్పున మాంసకృత్తులు అందితే చాలన్నది క్రీడా పోషణ నిపుణులు సాధారణంగా చెప్పే మాట. 85 కిలోలకు అది 25 గ్రాములు. ఆవుపాలలో లీటరుకు 32 గ్రాములుంటాయి కాబట్టి ముప్పావు లీటరు పైచిలుకు తాగాలి. గేదె పాలు చిక్కన, లీటరుకు దాదాపు 38 గ్రాములు, కాబట్టి 650 మిల్లీలీటర్లు చాలు. కానీ ఏడు శాతం వెన్నతో ఆ 650 మిల్లీలీటర్లలో 45 గ్రాముల కొవ్వు కూడా లోపలికి పోతుంది. అన్నీ కలిపి సుమారు 700 కేలరీలు. రోజంతా బరువులెత్తే వాడికి అది లెక్క కాదు. పొద్దున్నే అరగంట నడిచి, ‘వ్యాయామం చేశాను కదా’ అని పెద్ద గ్లాసు చిక్కటి పాలు తాగే పెద్దమనిషికి మాత్రం నడిచి ఖర్చు పెట్టినదానికంటే ఎక్కువే తిరిగి వస్తుంది. అరగంట నడకకు నీళ్లు చాలు.

పాల మాంసకృత్తుల్లో అయిదో వంతు పాలవిరుగుడు నీటిలో ఉండే రకం, వే ప్రోటీన్ అని డబ్బాల్లో అమ్మేది. అది త్వరగా రక్తంలోకి చేరుతుంది. మిగతా నాలుగు వంతులు కేసీన్, గంటల తరబడి నెమ్మదిగా అందుతుంది. వీటిలోని లూసీన్ అనే అమైనో ఆమ్లం కండరాన్ని కట్టే పనికి కొబ్బరికాయ కొడుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2007లో 56 మంది కుర్రాళ్ల చేత పన్నెండు వారాలు బరువులెత్తించారు. కసరత్తు అవగానే కొందరికి వెన్న తీసిన పాలు, కొందరికి అంతే మాంసకృత్తులున్న సోయా పానీయం, కొందరికి పిండిపదార్థపు పానీయం. పాలు తాగినవాళ్లకు కొవ్వు కాని కండ 3.9 కిలోలు, సోయా వాళ్లకు 2.8, పిండిపదార్థం వాళ్లకు 2.4 కిలోలు పెరిగింది. ఇక్కడా వాడింది వెన్న తీసిన పాలే.

ఈ ఫలితాలన్నిటినీ కళ్లకద్దుకోమని నేను అనను. ఒక్కో ప్రయోగంలో మనుషులు కొద్దిమందే, చాలావరకు పడుచు మగవాళ్లు, తాగింది ఆవుపాలు. ప్రపంచమంతా మోగిన ‘చాక్లెట్ పాలు ఆటగాళ్లకు అమృతం’ అన్న ప్రచారానికి మూలమైన ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్ల 2006 ప్రయోగంలో ఉన్నది తొమ్మిది మంది సైకిలిస్టులు. దానికి డబ్బులో కొంత పాల ఉత్పత్తుల సంస్థ ఇచ్చింది. అందులో చాక్లెట్ పాలు ఒక పానీయం కంటే మేలనిపించుకున్నాయి నిజమే, మామూలు ఆటగాళ్ల పానీయం కూడా అంతే మేలనిపించుకుంది. ఈ రెండో సంగతి ప్రకటనల్లోకి ఎక్కలేదు. కసరత్తయిన అరగంటలోపే తాగాలన్న నియమం కూడా ఇప్పుడు సడలింది. ఆ రోజంతా తిన్నది సరిపోయిందా లేదా అన్నదే ముఖ్యం. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, కండ కోసం డబ్బాల్లోని ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. ఆ పొడుల మీద పెట్టే డబ్బుతో ఎన్ని లీటర్ల పాలు వస్తాయో జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లు ఒకసారి లెక్కేసుకోవాలి.

అయితే మన ఒంటికి పాలు పడతాయా అన్నది ఇంకో తగువు. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే ఎంజైము పసితనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. 1981లో వచ్చిన ఒక పరిశీలనలో ఢిల్లీలో పరీక్షించిన వాళ్లలో నాలుగో వంతుకు కాస్త పైబడిన మందికి లాక్టోజ్ అరగలేదు. దక్షిణాది కేంద్రాల్లో మూడింట రెండు వంతుల మందికి అరగలేదు. పెద్దయ్యాకా పాలు అరిగించుకునే వాళ్లలో ఉండే జన్యు మార్పు యూరపు వాళ్లదీ మనదీ ఒకటేనని, అది మన దేశంలో వాయవ్యం నుంచి దక్షిణానికి వచ్చేకొద్దీ తగ్గుతుందని 2012లో తేల్చిన బృందంలో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. కాబట్టి 2016 పరీక్షలో తాగినట్టు ఒక్కసారిగా లీటరు పాలు పట్టిస్తే మనలో చాలామందికి అలసట తీరడం మాట అటుంచి, కడుపు ఉబ్బరించి చెంబు పట్టుకోవాల్సి వస్తుంది.

దీనికి మన వంటిళ్లు ఎప్పుడో దారి వెతుక్కున్నాయి. పాలను తోడుపెట్టడమే ఆ దారి. తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమును తమతో పాటు మన పేగులోకి తెస్తాయి. మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. ఆ పెరుగును కవ్వంతో చిలికి వెన్న తీస్తే మిగిలేది మజ్జిగ. పాల కేంద్రాలు రాకముందు, కాస్త పాడి ఉన్న ఇళ్లలో వెన్న కాచి నెయ్యి చేసి అమ్ముకునేవాళ్లు, లేదా దాచుకునేవాళ్లు. మజ్జిగకు ధర లేదు. పాలేళ్లకూ కూలీలకూ పోసేవాళ్లు. ప్రయోగశాలల భాషలో చెబితే, కూలీ గ్లాసులోకి వెళ్లింది నీళ్లు కలిపిన, పులిసిన, వెన్న తీసిన పాలు. దాతల ఉద్దేశం అది కాదు, నెయ్యి తమకు మిగుల్చుకోవడమే. అయినా పొలంలో పని చేసేవాడికి కావలసిన భాగమే అతనికి దక్కింది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. చేను మీద నీడ ఉండదు. కోసే ఆడవాళ్లు వంగి, తలకు గుడ్డ చుట్టుకుని, పొద్దెక్కేదాకా పనిలో ఉంటారు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు నలభై కిలోలకు పైబడిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, వీపున మోస్తుంటారు. పల్నాటి రెంటచింతల పేరు ప్రతి వేసవిలోనూ ఎండల వార్తల్లో ముందుంటుంది. జిమ్ములో గంటసేపు చెమటోడ్చేవాడి కంటే వీళ్లు పోగొట్టుకునే నీరు, ఉప్పు ఎక్కువ. ఇలాంటి ఎండలో, పని మధ్యలో పాలు సరైన తాగుడు కాదు. మెల్లగా దిగే గుణం అప్పుడు అడ్డం వస్తుంది, కడుపు బరువెక్కుతుంది. అప్పటికి కావలసింది ఉప్పు వేసిన మజ్జిగ. చెమటలో లీటరుకు మనిషిని బట్టి ఒక గ్రాము అటూ ఇటూగా సోడియం పోతుంది. లీటరు మజ్జిగలో అరచెంచా ఉప్పు వేస్తే అందులో సోడియం దాదాపు గ్రామే. అమ్మమ్మలు కొలవకుండా వేసింది ఇంచుమించు ఇదే. రక్తపోటుకు మందులు వాడేవాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ఆ చెంచా దగ్గర డాక్టరు మాట వినాలి. కళ్లు తిరిగి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది మజ్జిగతో తీరే సంగతి కాదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మజ్జిగకు ఒక పరిమితి ఉంది. లీటరు పెరుగును నాలుగు లీటర్లు చేస్తే లీటరుకు మిగిలే మాంసకృత్తులు ఎనిమిది, తొమ్మిది గ్రాములే. దాహానికి అది చాలు, కండకు చాలదు. కండ లెక్క రాత్రి కంచంలో తేలాలి. పావు కిలో అన్నంలో పావు లీటరు చిక్కటి పెరుగు కలుపుకుంటే పదహారు గ్రాముల దాకా మాంసకృత్తులు, దాదాపు ఎనభై గ్రాముల పిండిపదార్థం వస్తాయి. నంజుకున్న గోంగూర పచ్చడితో ఉప్పు కూడా. అడుగంటిన గ్లైకోజెన్ నిండటానికీ, దెబ్బతిన్న పోగులు కట్టుకోవడానికీ విడివిడిగా డబ్బాలు కొనక్కర్లేదు. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి తోడుపెడితే పొద్దుటికి చద్దన్నం, పొలానికి వెళ్లే ముందే సగం పని అయిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ పావు లీటరు పెరుగు దగ్గరే. కవ్వంతో చిలికిన రోజుల్లో ధర వెన్నకే, మిగిలింది ఊళ్లోనే ఉండేది. ఇప్పుడు పాలు పాలుగానే పొద్దున అయిదింటికి కేంద్రానికి వెళ్లిపోతున్నాయి, వెన్నతో పాటు వెన్న కానిది కూడా. గుంటూరు జిల్లాలో వడ్లమూడి సంగం డెయిరీ లాంటివి వచ్చాక గేదె ఉన్న ఇంటికి పది రోజులకోసారి చేతిలో డబ్బు ఆడుతోంది, అది చిన్న విషయం కాదు. గేదె లేని ఇల్లు మాత్రం, మిరపకోతకు వెళ్లే ఇల్లు ఎక్కువగా అదే, పెరుగును ప్యాకెట్లో కొనుక్కోవాలి. దుకాణంలో ప్యాకెట్లు కొనేటప్పుడు వెన్న ఎక్కువున్న రకానికి ధర ఎక్కువ. వెన్న తక్కువున్న, చవకైన ప్యాకెట్ తీసుకున్నా కండకు పోయేదేమీ లేదు.