మీకు తెలుసా? సోయకూరకు నారు పోయకూడదు

పెసరపప్పులో వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడే సోయకూర, పీకి నాటితే ఓర్చుకోదు. తల్లివేరు నిటారుగా కిందికి దిగే మొక్క ఇది; వేరు కదిలితే వాడిపోతుంది, లేదంటే తొందరగా పూతకొస్తుంది. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పెరళ్లలోనైనా, డాబా మీది కుండీల్లోనైనా విత్తనం నేరుగా పెరిగేచోటే చల్లాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి అదను. ఎండలు ముదిరితే ఆకు తగ్గి పసుపు పూత వచ్చేస్తుంది.

కుండీ జానెడుకు పైగా లోతుండాలి. అంచున లేత రంగు చారతో చదునుగా ఉండే గింజల్ని పలుచగా చల్లి, అర సెంటీమీటరు మించకుండా మట్టి కప్పి, నీళ్లు చిలకరించండి. 7 నుంచి 14 రోజుల్లో గడ్డిపోచల్లాంటి జంట ఆకులు లేస్తాయి. కలుపనుకుని పీకేయకండి! నాలుగు మొక్కల్ని పూతకు వదిలితే పేనుబంకను తినే అక్షింతల పురుగులు ఆ పూలకు వస్తాయి, వంకాయ, బెండ మొక్కలకూ మేలు.