వంటింటి పనే ప్రాణం నిలిపింది

మన జగ్గయ్యపేట, నందిగామల్లో పనిమనిషి ఒక్కపూట రాకపోతే విసుక్కుంటాం కదూ! మరి నిన్నటిదాకా దర్జాగా బతికిన ఇల్లాలే పరాయిదేశంలో పనిమనిషి కావలసి వస్తే?

1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాక అక్కడి యూదులకు నిలువనీడ లేకుండా పోయింది. ఇళ్ళల్లో పనికి కుదిరితే బ్రిటన్ వీసా ఇచ్చేది. యుద్ధం వచ్చేలోగా సుమారు 20,000 మంది, ఎక్కువగా ఆడవాళ్ళే, అలా ప్రాణాలు దక్కించుకున్నారు.

రచయిత్రి లోరే సీగల్‌ను పదేళ్ళప్పుడే వియన్నా నుంచి బ్రిటన్ పంపేశారు. ఆ పిల్ల ఉత్తరాలు రాసి బతిమాలితే 1939లో అమ్మకు వంటమనిషిగా, నాన్నకు నౌకరుగా పని దొరికింది. అమ్మ పియానో నేర్చినావిడ, నాన్న బ్యాంకు ఉద్యోగి! దగ్గరికొచ్చినా పాప మాత్రం వేరే ఇళ్ళల్లోనే పెరిగింది.

ఈ సంగతి తెలిశాక మా పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు తీసేశాను. తను మాయింట్లో ఉన్నంతసేపూ పిల్లల్ని ఎవరు చూస్తున్నారని అడిగాను. మీరూ అడగండి.